తుపాకీ మీద అంకెలు చదివే పని

మా ఇంటి బేస్‌మెంట్‌కి శనివారాల్లో తుపాకులు వస్తాయి. ఈ మాట చెబితే హామిల్టన్‌లోని మన తెలుగువాళ్లు ఇప్పటికీ కాఫీ కప్పు కింద పెట్టి నా మొహంలోకి చూస్తారు. అందరి బేస్‌మెంట్‌లలోనూ పిల్లల పాత సైకిళ్లు, బియ్యం బస్తాలు, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లు ఉంటాయి. మా దాంట్లో ఒక పొడవాటి బల్ల, దాని మీద పచ్చ దుప్పటి, మెడ వంగే దీపం ఉంటాయి. కంగారు పడకండి, అక్కడ ఏదీ పేలదు. ఎనభై ఏళ్ల, వందేళ్ల నాటి సైన్యపు రైఫిళ్లను జనం ట్రిగ్గర్‌కి తాళం వేసి, పెట్టెలో పెట్టి తెస్తారు. అది అసలుదో, మధ్యలో ఎవరైనా మార్చి మోసం చేసిందో చెప్పమని మా ఆయన్ని అడుగుతారు.

మా ఆయన ఇక్కడి స్టీలు మిల్లులో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్షన్ పని చేసి రిటైరయ్యారు. కాలేజీ రోజుల్లో క్యాడెట్ పరేడ్‌లో త్రీ నాట్ త్రీ రైఫిల్ భుజాన వేసుకుని ఎండలో నిలబడ్డ మనిషి. కెనడా వచ్చిన కొత్తలో ఏదో ఊరి సంతలో అదే తుపాకీ కనబడితే, తప్పిపోయిన చుట్టం దొరికినట్టు దాని దగ్గరే నిలబడిపోయారు. ఈ దేశపు సైనికులు కూడా అదే మోశారని మాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు నేను కొనుక్కుందామని వెళ్లిన దుప్పట్లు కొనలేదు. ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటాను.

తుపాకీ అంటే నాకు ఇనపముక్క, కర్రముక్క. ఆయనకి మాత్రం మనిషి జాతకం. ఫ్యాక్టరీలో రైఫిల్ తయారైనప్పుడు దాని బాడీ మీద ఒక నంబరు కొడతారు. అదే నంబరు తూటాని లోపలికి తోసే బోల్టు మీద, కొన్నిటికి కర్ర మీద కూడా కొడతారు. యుద్ధాల్లో, మరమ్మతుల్లో ఒకదాని బోల్టు ఇంకోదానికి పోతుంది. అందుకని నంబర్లన్నీ కలిసిన పాత రైఫిల్ దొరకడం అరుదు, దొరికితే జాతకాలు కలిసిన సంబంధం దొరికినంత సంబరం. కలవని జాతకాలు దిద్ది కలిపేవాళ్లు మన దగ్గరే కాదు, ఇక్కడా ఉన్నారు. పాత అంకెలు ఆకురాయితో అరగదీస్తారు, కొత్తవి సుత్తితో కొడతారు, పైన నల్లపూత పూస్తారు, టీ డికాషన్ పట్టించి కర్రకి ముసలితనం తెస్తారు. మనిషి వయసు దాచుకోవడానికి రంగు వేసుకుంటే వీళ్లు వయసు తెప్పించడానికి వేస్తారు.

ఆ దొంగతనం పట్టుకోవడం మా ఆయన విద్య. ఉక్కు మీద అంకె కొట్టినప్పుడు దాని చుట్టూ అంచు కొద్దిగా పొంగుతుందట. పాత అంకె అయితే ఆ పొంగు ఎందరి చేతుల్లోనో అరిగి మెత్తబడిపోతుంది. కొత్తదైతే వేలికి గీరుకుంటుంది. అరగదీసిన చోట సన్నటి పల్లం ఉంటుంది. ఆయన కళ్లు మూసుకుని చూపుడువేలి కొనతో ఆ అంకెల మీద నెమ్మదిగా రాసేవారు, పసిపిల్లకి జ్వరం ఉందేమోనని నుదురు తడిమినట్టు. సైన్యం వాళ్లే బోల్టు మార్చితే పాత నంబరు మీద అడ్డగీత కొట్టి, పక్కన కొత్త నంబరు వేస్తారు. "నిజాయితీగా మార్చినవాడు కొట్టేస్తాడు, దొంగవాడు చెరిపేస్తాడు" అని వచ్చిన ప్రతివాడికీ చెప్పేవారు. నాకు వినీ వినీ చెవులు తుప్పు పట్టాయి.

చూడటం అయ్యాక ఒక తెల్లకాగితం మీద ఏది అసలు, ఏది మార్చింది అని తన చేత్తో రాసి సంతకం పెట్టేవారు. డబ్బు తీసుకునేవారు కాదు. ఎవరైనా యాపిల్ పై తెస్తే మాత్రం వద్దనేవారు కాదు. ఆ కాగితం ఉంటే ఈ చుట్టుపక్కల ఇంకెవరూ రెండో ప్రశ్న వేయరు. మిల్లు వదిలేశాక, పిల్ల కాల్గరీ వెళ్లిపోయాక, ఆయనకి మిగిలింది ఆ మాట విలువ ఒక్కటే. దాని కోసమే శనివారం పొద్దున్నే గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకునేవారు. నా పుట్టినరోజుకి కూడా అంత ముస్తాబు లేదు.

నా పని దీపం పట్టుకోవడం, అంకెలు చదవడం. ఆయనకి ఎప్పటినుంచో దగ్గరి వస్తువులు మసక. ఆపరేషన్ అయినా కుడికన్ను పెద్దగా బాగుపడలేదు. నేను దీపాన్ని పైనుంచి కాక పక్కనుంచి వాల్చి పట్టుకుంటాను. అలా పడితే గీతకీ గాటుకీ నీడ తేలుతుంది. అప్పుడు అంకెలు ఒక్కొక్కటే తెలుగులో చదవాలి. ఎదుట కూర్చున్నవాడికి అర్థమై ముందే గుండె జారిపోకూడదని తెలుగు. ఇంకో షరతు కూడా ఉంది. అంకెలు తప్ప నేను ఇంకో మాట అనకూడదు.

"నీ అభిప్రాయం నాకొద్దు. నువ్వు ముందే చెప్పేశావనుకో, నా వేలు నీ మాట వింటుంది గానీ ఉక్కు మాట వినదు" అనేవారు.

పెళ్లయిన కొత్తలో అయితే ఈ షరతుకి దీపం ఆయన నెత్తిన పెట్టి పైకి వచ్చేసేదాన్ని. అరవై దాటాక వచ్చిన షరతు కాబట్టి ఊరుకున్నాను. పైగా చదువుతూ చదువుతూ నాకూ కళ్లు వచ్చాయి. ఎప్పుడో ఒకప్పుడు ఆయన వేలు ఆగకముందే నాకు తెలిసిపోయేది, ఇది దొంగదని. నోరు మూసుకుని తర్వాతి అంకె చదివేదాన్ని.

రెండేళ్ల కిందట ఒక పొద్దున పొగలు కక్కే కాఫీ స్టీలు గ్లాసులో పోసి గట్టు మీద పెట్టాను, చల్లారాక ఇద్దామని. ఆయన వచ్చి ఆ గ్లాసును చేతి నిండా పట్టుకుని పేపర్ చదువుతూ కూర్చున్నారు. నేను కేకపెట్టి లాక్కున్నాను. అరచేయి ఎర్రగా కందిపోయింది.

"ఏవండీ, కాలట్లేదా?"

"చలికి చేతులు మొద్దుబారాయిలే" అన్నారు. జూలై నెల అది.

డాక్టరు సూదితో, నైలాన్ పోగుతో వేళ్లు తాకి చూశాడు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయన్నాడు. పాదాల్లో మొదలై చేతులకి వచ్చిందన్నాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నాడు. ఇంటికొస్తూ కారులో ఆయన ఒక్కటే మాట అన్నారు, "శనివారం వాళ్లకి చెప్పకు." నేను చెప్పలేదు. ఎవరికి చెప్పి ఏం లాభం? దేవుడికి చెప్పాను, ఆయన కూడా శనివారం వాళ్లలాగే విని వెళ్లిపోయాడు.

అయినా శనివారాలు ఆగలేదు. నాకు ఆశ్చర్యం వేసేది ఏంటంటే, ఆయన తప్పు చెప్పలేదు. వేలు అంకెల మీద మునుపటికంటే ఎక్కువసేపు ఉండేది, అంతే. దొంగది దొంగదనేవారు, మంచిది మంచిదనేవారు. చొక్కా గుండీలు పెట్టుకోలేని వేళ్లు ఇంత సన్నటి తేడా ఎలా పట్టుకుంటున్నాయో నాకు అంతుపట్టేది కాదు. డాక్టరు పొరపాటు పడ్డాడేమో, ఆ ఒక్క వేలికి ఇంకా ప్రాణం ఉందేమో అని ఆశపడ్డాను.

ఈ ఏడాది ఏప్రిల్‌లో వాన్ అనే ఊరి నుంచి ఒక గోదాము మేనేజరు రైఫిల్ తెచ్చాడు. నంబర్లు బాగానే ఉన్నాయి, చదివాను. ఆయన స్క్రూల మీద వేలు రాసి "అసలువే" అన్నారు. నా కంటి ముందే ఆ స్క్రూల గాట్లు కొత్త నాణెంలా మెరుస్తున్నాయి. నోరు ఊరుకోలేదు.

"ఏవండీ, అవి కొత్తవండీ. మెరుస్తున్నాయి చూడండి" అన్నాను. తెలుగులో అంటే సరిపోయేది. ఆ మేనేజరుకి కూడా వేలు పెట్టి చూపించాను.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మా ఆవిడ చెప్పింది కరెక్ట్" అని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పి, మెట్లెక్కి పైకి వెళ్లిపోయారు. రెండు వారాలు బేస్‌మెంట్ వైపు చూడలేదు. గడ్డం గీసుకోలేదు. ఒక రోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "నా పని అయిపోయిందని పరాయివాడి ముందు చెప్పించావు" అన్నారు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆయన నెమ్మదిగా అన్నారు. ఆ రోజే నేను ఒట్టు పెట్టుకున్నాను, ఇక ఆ బల్ల దగ్గర నా నోటి నుంచి అంకె తప్ప ఊపిరి కూడా బయటకి రాకూడదని.

సెప్టెంబరులో ఒక పెద్దాయన వచ్చాడు. సరస్సు ఒడ్డున చిన్న ఊళ్లో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎనభైకి దగ్గరగా ఉంటాడు. వాళ్ల నాన్న యుద్ధానికి వెళ్లొచ్చాడట. నాన్న జేబు పుస్తకంలో ఆయన మోసిన రైఫిల్ నంబరు పెన్సిలుతో రాసి ఉంది. ఆ పుస్తకాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి తెచ్చాడు. ఆ రైఫిల్ కోసం పదేళ్లుగా వెతుకుతున్నాడట. తుపాకులు సేకరించేవాళ్లు ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడ మాట్లాడుకుంటారో అక్కడల్లా ఆ నంబరు వేసి, ఎవరికైనా కనబడితే చెప్పండని బతిమాలుకున్నాడు. ఈ వేసవిలో పడమటి వైపు నుంచి ఎవరో రాశారు, నా దగ్గర ఉందని. ఇప్పుడు దాన్ని వాళ్ల ఊరి మాజీ సైనికుల హాల్లో అద్దాల పెట్టెలో, నాన్న ఫొటో పక్కన పెట్టాలి. నవంబరులో అమరవీరులను తలుచుకునే రోజున అందరూ చూడాలి. హాలు వాళ్లు అడిగింది ఒక్కటే, మా ఆయన రాసిన కాగితం.

పదేళ్లు దేశమంతా చాటిన నంబరు. ఎవరైనా ఆ అంకెలే కొట్టి అమ్మొచ్చు. కన్నం వేసేవాడికి మనమే గోడ మీద గుర్తు పెట్టినట్టు కాదూ!

దీపం వాల్చాను. బాడీ మీద అంకెలు ఉన్నాయి. వాటి కింద ఉక్కు, గిన్నె అడుగు సొట్టపోయినట్టు సన్నగా లోపలికి వంగి ఉంది. అంకెల అంచులు పదునుగా నిలబడి ఉన్నాయి. మూడో అంకె నాలుగు. ఆ నాలుగు కాలి పక్కన, అరగదీసినా పూర్తిగా చావని పాత గీత ఒకటి, ఏడుకి తోకలాంటిది, నీడలో కనబడింది. అది వేరే రైఫిల్. ఈ ముసలాయన నాన్న దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు.

మా ఆయన వేలు అంకెల మీద ఉంది. ముసలాయన జేబు పుస్తకం ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. నోరు తెరిస్తే ఏప్రిల్ మళ్లీ వస్తుంది, ఈసారి ఆయన ఆ మెట్లు మళ్లీ దిగరు. తెరవకపోతే అబద్ధం అద్దాల పెట్టెలోకి వెళుతుంది. ఆయన వేలే పట్టుకుంటుంది, ఇన్నాళ్లూ పట్టుకుందిగా అని నాకు నేను చెప్పుకున్నాను. నా గొంతులో వణుకు ఆయనకి తెలియకూడదని, రేడియోలో వార్తలు చదివినట్టు చదివాను.

"ఆరు, రెండు, నాలుగు, ఎనిమిది, ఒకటి."

ఆయన కళ్లు మూసుకుని చాలాసేపు రాశారు. తర్వాత నా వైపు తల తిప్పి, "ఇంకోసారి చదువు" అన్నారు.

ఇంకోసారి చదివాను. ఇంకా నున్నగా చదివాను.

ఆయన తల ఊపారు. బోల్టు కూడా చూశారు, అదీ కలిసింది. కలవక ఏం చేస్తుంది, కొట్టినవాడు ఒక్కడేగా. కాగితం తీసుకుని, పెన్ను మొద్దువేళ్ల మధ్య ఇరికించుకుని, నంబర్లు అసలువని రాసి సంతకం పెట్టారు. ముసలాయన రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. లేచి మా ఆయన్ని కౌగలించుకున్నాడు. ఇన్నేళ్లు ఈ దేశంలో ఉండి ఎవరితోనూ కౌగిలింత అలవాటు లేని మా ఆయన, ఆ ముసలాయన వీపు మీద చెయ్యేసి తట్టారు. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నాకు రెండేళ్లయింది. నేను దీపం పట్టుకుని అలాగే నిలబడ్డాను. నాకు ఏడుపు వచ్చింది, ఆ పడమటి దొంగ మీద కోపం వచ్చింది, అన్నిటికన్నా ఎక్కువ నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆ వారం మా అమ్మాయికి ఫోన్‌లో చెప్పుకున్నాను. "అమ్మా, జస్ట్ టెల్ హిమ్" అంది. చెప్పడం అంత సులువైతే నిన్నెందుకు అడుగుతానే అన్నాను. మాట మార్చి, నాన్న షుగర్ ఎంతుందని అడిగింది. దానికి కూడా వాళ్ల నాన్న మొహం గుర్తొచ్చి ఉంటుంది.

పోనీ ఆ పెద్దాయనకే చెబుదామనుకున్నాను. మా ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ చేశాను. నా గొంతు గుర్తుపట్టి ఆయన ఎంత సంతోషపడ్డాడో! హాలుకి ఇచ్చేముందు రైఫిల్‌ని వారం రోజులు ఇంట్లోనే ఉంచుకున్నాడట. రోజూ సాయంత్రం దాని పక్కన కూర్చుని నాన్నతో మాట్లాడుతున్నాడట. బతికి ఉండగా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదమ్మా, నీ భర్త నాకు ఆ అవకాశం ఇచ్చాడు అన్నాడు. నేను విన్నాను. మీ దగ్గర వాన ఎలా ఉందని అడిగాను. బాగానే పడుతోందన్నాడు. జాగ్రత్త అని పెట్టేశాను. కక్కలేను, మింగలేను. ఆ రోజు పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. మా ఆయన వంక పెట్టకుండా తినేశారు, అదింకా బాధ.

నవంబరు మధ్యలో ఒక పొద్దున నేను దోసెలు వేస్తుంటే ఆయన ఉత్తరాల డబ్బా నుంచి ఒక కవరు పట్టుకొచ్చారు. వేళ్లతో చించలేక పంటితో చించారు. లోపల ఒక కార్డు, ఒక పెద్ద ఫొటో ఉన్నాయి. అద్దాల పెట్టె, అందులో రైఫిల్, పక్కన యూనిఫారంలో ఒక కుర్ర సైనికుడి పాత ఫొటో, కింద అచ్చువేసిన అట్ట. ఆయన ఫొటోని కిటికీ వెలుగులోకి తిప్పి, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశారు. చిన్నపిల్లాడిలా నవ్వారు.

"ఇది నీ వల్లే తెలుసా" అన్నారు.

"నా వల్లేంటండీ, నేను దీపం పట్టుకున్నాను."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నీకు చెప్పలేదు గానీ, నా వేళ్లకి ఏడాదిన్నర నుంచి ఏమీ తెలియట్లేదు. ఉక్కు పెట్టినా ఒకటే, ఉప్మా పెట్టినా ఒకటే."

నేను అట్లకాడతోనే ఆయన వైపు తిరిగాను.

"మరి ఎలా చెప్పేవారు?"

"నీ గొంతు వినేవాణ్ణి. తేడా ఉన్న అంకె దగ్గర నీ గొంతు ఆగుతుంది. కొంచెమే, ఎవరికీ తెలీదు. నలభై ఏళ్లుగా వింటున్నాను కాబట్టి నాకు తెలుస్తుంది. కూరగాయల కొట్లో వంకాయ పుచ్చు ఉన్నా అలాగే ఆగుతావు. ఆ స్క్రూలకే దెబ్బతిన్నాను. చదవడానికి వాటి మీద ఏమీ లేదుగా."

పెనం మీద దోసె మాడుతోంది. తియ్యాలని తెలుసు, చెయ్యి కదలలేదు.

"ఆ రోజు ఆ పెద్దాయన్ని చూసి భయమేసింది నాకు. తప్పు చెబితే ఎలా అని. అందుకే రెండోసారి చదవమన్నాను. రెండోసారి కూడా నువ్వు ఎక్కడా ఆగలేదు. ఇక నాకు ధైర్యం వచ్చేసింది" అన్నారు. అని ఫొటో నా వైపు జరిపారు. "ఇదిగో, అట్ట మీద నంబరు కూడా వేసినట్టున్నారు. నాకు ఆనట్లేదు. ఏదీ, చదువు."

స్టవ్ ఆపాను. చేతులు తుడుచుకుని ఫొటో తీసుకున్నాను. సైనికుడి పేరు, దాని కింద నంబరు, దాని కింద దీన్ని పరిశీలించి అసలుదని ధ్రువీకరించినవారు అంటూ మా ఆయన పేరు ఉన్నాయి. ఆయన అలవాటుగా కళ్లు మూసుకున్నారు, బల్ల దగ్గర కూర్చున్నట్టే. నున్నగా చదివేద్దామనే అనుకున్నాను. రెండుసార్లు చదివినదాన్ని మూడోసారి చదవలేనా!

"ఆరు... రెండు..."

నాలుగు నా గొంతులోంచి రాలేదు. మింగి, మళ్లీ ప్రయత్నించాను. రాలేదు.

ఆయన కళ్లు తెరిచారు. నన్ను చూశారు, నా చేతిలో ఫొటో చూశారు. తన కుడిచేతి వేళ్లను ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నారు. మిగతా అంకెలు చదవమని అడగలేదు.